కాలేజీ బ్యాచ్‌కి కంపెనీ తరఫున ప్రాజెక్టు ఇవ్వాలంటే ఎలా రాసివ్వాలి?

టిక్కీ_లెక్క | జూన్ 14, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. గుంటూరులో ఎనిమిది మందిమి కలిసి నడుపుకునే చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు మాది. కోల్డ్ స్టోరేజీలకు లెక్కల సాఫ్ట్‌వేర్ చేస్తాం. రైతు మిర్చి తెస్తే ఆ బస్తాలన్నిటికీ కలిపి ఒక లాట్ నంబరు వెయ్యడం, సరుకు దాచినట్టు రసీదుగా బాండు ఇవ్వడం, అద్దె కట్టడం, సరుకు బయటికి పోయేటప్పుడు రాసుకోవడం, ఇదంతా అందులో ఉంటుంది.

నిరుడు దగ్గర్లోని ఒక ఇంజినీరింగ్ కాలేజీ వాళ్లు వచ్చి "మా ఫైనలియర్ పిల్లలకి నిజమైన ప్రాజెక్టు ఒకటి ఇవ్వండి సార్" అన్నారు. వెంటనే ఒప్పుకున్నాను. మా రోజుల్లో బ్యాచ్ అంతా కలిసి అమీర్‌పేట వెళ్లి, తయారుగా ఉన్న ప్రాజెక్టు కొనుక్కొచ్చి, వైవాలో అప్పజెప్పాం. నాలుగేళ్ల చదువు చివర అలా అయిందన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. ఈ పిల్లలకైనా అలా కాకూడదనుకున్నాను.

నేను ఇచ్చిన కాగితం మీద ఉన్నది ఇంతే: "కోల్డ్ స్టోరేజీ నిర్వహణకు పూర్తి మొబైల్ యాప్. ఆండ్రాయిడ్. రైతు, వ్యాపారి, గుమాస్తా, ఓనరు నలుగురికీ వేర్వేరు లాగిన్లు."

డిసెంబరులో మొదలుపెట్టారు. ఫిబ్రవరికి మిర్చి యార్డుకి సరుకు పోటెత్తింది. మా క్లయింట్లకీ మాకూ అది తిండి తినే తీరిక కూడా ఉండని కాలం. పిల్లలు ఫోన్ చేస్తే ఎత్తలేకపోయాను. ఏప్రిల్‌లో నలుగురూ వచ్చి చూపించారు. లాగిన్ స్క్రీన్లు నాలుగూ ముచ్చటగా ఉన్నాయి. లోపలికి వెళ్తే లాట్ అంటే ఒక్కో బస్తా అనుకున్నారు. బాండు అంటే అద్దె ఒప్పందం అనుకున్నారు. ఆ బాండు చూపించి రైతు బ్యాంకులో అప్పు తెచ్చుకుంటాడని వాళ్లకి ఎవరు చెప్పారు? నేను చెప్పలేదు. వెళ్లేటప్పుడు ఒకమ్మాయి "సార్, దీన్ని ఎవరైనా వాడతారా?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు.

ఈ ఏడాది కాలేజీ వాళ్లు మళ్లీ అడిగారు. ఇవ్వాలనే ఉంది, నిరుటిలా మాత్రం వద్దు. ప్రాజెక్టుని ఎలా ఎంచుకోవాలి, ఎలా రాసివ్వాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కొండాపూర్_కోడ్ | జూన్ 14, రాత్రి 11:20

దాచకుండా రాశారు, ధన్యవాదాలు. మా కంపెనీలో ఐదేళ్లుగా కాలేజీ బ్యాచ్‌లను చూసుకునేది నేనే. మొదటి రెండేళ్లూ నాదీ మీ కథే.

ఇప్పుడు నేను ముందుగా గంటల లెక్క వేస్తాను. నలుగురు పిల్లలు, తలా వారానికి పది గంటలు, పద్నాలుగు వారాలు: 560 గంటలు. మీ ఆఫీసులో ఒక్క మనిషి వారానికి 40 గంటల చొప్పున పద్నాలుగు వారాలు కూర్చుంటే అయ్యే పని అది. అందులోంచి మిడ్స్, ప్లేస్‌మెంట్ డ్రైవులు, కొత్త భాష నేర్చుకోవడం, అందరి కోడ్ ఒకచోట దాచే గిట్‌లో ఒకరి కోడ్ మీద ఇంకొకరు రాసి చెడగొట్టుకోవడం తీసెయ్యండి. సగం మిగిలితే గొప్ప. ఇప్పుడు మీ కాగితం మళ్లీ చదవండి. ఆ "పూర్తి నిర్వహణ" మీ ఎనిమిది మందికి ఎన్నేళ్లు పట్టింది?

ఇంకోటి. మీరు రాసిచ్చింది పరిష్కారం. సమస్య అందులో ఎక్కడా లేదు. ఆండ్రాయిడ్ యాప్, నాలుగు లాగిన్లు అని మీరే తేల్చేశాక పిల్లలు ఆలోచించడానికి ఏం మిగిలింది? "ఫలానా చోట గుమాస్తాకి ఫలానా ఇబ్బంది ఉంది, దానివల్ల ఇంత నష్టం అవుతోంది" అని రాయండి. యాపా, వెబ్ పేజీయా, ఉన్న సాఫ్ట్‌వేర్‌లో చిన్న మార్పా అన్నది వాళ్లని తేల్చుకోనివ్వండి.

ఎంపికకి నాకు ఒక పరీక్ష ఉంది. ఆ పని ఈ ఏడాది కాకపోతే క్లయింటు మిమ్మల్ని వదిలేస్తాడా? అయితే పిల్లలకి ఇవ్వకండి, మీ మనుషులతో చేయించుకోండి. కాకపోయినా ఎవరికీ పట్టదా? అయితే అదీ ఇవ్వకండి, వాళ్ల ఆర్నెల్లూ వృథా. పూర్తయితే ఒకరికి రోజూ సుఖం, పూర్తికాకపోతే పాత పద్ధతిలోనే నడిచిపోతుంది అన్న పని వెతకండి. ప్రతి ఆఫీసులోనూ అలాంటివి నాలుగైదు ఉంటాయి, తీరిక లేక పక్కన పెట్టినవి.

రాసే పద్ధతికి నమూనా కావాలంటే, కొత్తవాళ్ల చేత ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు చేయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో సంస్థలు పెట్టే ఐడియాల పట్టికలు చూడండి. 2005 నుంచి నడుస్తోంది అది. ప్రతి ఐడియాకీ వివరం, చివరికి ఏం చేతికి రావాలి, ఏమేం వచ్చి ఉండాలి, మెంటార్ ఎవరు, ఎంత కష్టం, ఎన్ని గంటల పని అని ఉంటుంది. ఆ గంటలు కూడా 90, 175, 350 అని మూడు కొలతల్లోనే. గంటలు ముందే రాయాల్సి వచ్చేసరికి రాసేవాడి చెయ్యి దానంతటదే అదుపులోకి వస్తుంది.

వైవా_మేడం | జూన్ 15, ఉదయం 6:35

కాకినాడ వైపు ఒక కాలేజీలో ప్రాజెక్టు కోఆర్డినేటర్‌ని. మా వైపు సంగతులు కంపెనీ వాళ్లకి తెలియవు, మేమూ చెప్పం. అందుకే ఇంత పొద్దున్నే రాస్తున్నాను.

ఆర్20 రెగ్యులేషన్‌లో, అంటే 2020 నాటి సిలబస్ నియమాల్లో, మాకు 4-2లో (నాలుగో ఏడాది రెండో సెమిస్టర్‌లో) క్లాసులు లేవు, సెమిస్టర్ మొత్తం ప్రాజెక్టుకీ ఇంటర్న్‌షిప్‌కీ వదిలేశారు. వినడానికి పిల్లలు ఖాళీగా ఉన్నట్టే ఉంటుంది. నిజానికి బ్యాచ్‌లో ఇద్దరు ఇంటర్న్‌షిప్ అని హైదరాబాదో బెంగళూరో వెళ్లిపోతారు, ఒకరు గేట్‌కి చదువుతుంటారు, మిగిలినవాళ్ల మీద అంతా పడుతుంది. కాబట్టి కొండాపూర్_కోడ్ గారు వేసిన పది గంటల లెక్క తీసిపారెయ్యకండి. క్లాసులు లేకపోయినా అంతే.

ఇక మార్కులు. బ్యాచ్‌గా చేసినా వైవాలో ఒక్కొక్కరినీ విడిగా అడుగుతారు. "ఇందులో నువ్వు చేసిందేంటమ్మా?" అన్నదే బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్ మొదటి ప్రశ్న. మీ ప్రాజెక్టు ఒక్కడు తప్ప ఇంకెవరూ చెయ్యి పెట్టలేనిదైతే మిగతా ముగ్గురూ అక్కడ తల దించుకుంటారు. రాసేటప్పుడే పని నాలుగు చేతులకి పంచగలిగేలా ఉందా అని చూడండి. నాలుగు విడి ప్రాజెక్టులు అక్కర్లేదు. ఒకటే వస్తువు, నాలుగు వైపుల నుంచి పట్టుకోగలిగితే చాలు.

మార్కులు వెయ్యడంలోకి మాత్రం కంపెనీ రావద్దు. మీ అభిప్రాయం రాతలో గైడ్‌కి ఇవ్వండి, విలువ కట్టేది గైడ్. రెండేళ్ల కిందట ఒక సంస్థ "మేం అడిగింది పూర్తి చెయ్యలేదు, పాస్ చెయ్యకండి" అని ఉత్తరం రాసింది. వాళ్లు అడిగింది మధ్యలో మూడుసార్లు మారింది. ఆ పిల్లల ముఖాలు నేను మర్చిపోలేదు.

బ్యాచ్_నాలుగు | జూన్ 15, మధ్యాహ్నం 1:10

నేను రెండేళ్ల కిందట ఇలాంటి ప్రాజెక్టే చేసి బయటికొచ్చాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం. కంపెనీ పేరు చెప్పను.

మాకిచ్చిన సమస్య మంచిదే. కాని వాళ్ల డేటాబేస్ చూడాలంటే వీపీఎన్ (బయటి నుంచి కంపెనీ నెట్‌వర్క్‌లోకి వెళ్లే దారి) కావాలన్నారు. దానికి కంపెనీ ల్యాప్‌టాప్ కావాలి. ల్యాప్‌టాప్ రావాలంటే మేం ఉద్యోగుల పట్టికలో ఉండాలి. ఆరు వారాలు రోజూ "రేపు" అన్నారు. ఏడో వారం మా మెంటార్ ఉద్యోగం మారిపోయాడు. కొత్తాయన మంచివాడే, కాని "అసలు మీరు ఎవరమ్మా" నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. చివరికి మేమే ఎక్సెల్‌లో రెండొందల వరుసల దొంగ డేటా తయారుచేసుకుని దాని మీద చేశాం. అది బాగానే నడిచింది. వాళ్ల నిజమైన డేటా పెడితే మొదటి నిమిషంలోనే ఆగిపోయింది. తేదీల గడిలో "నిన్న" అని రాసి ఉందట.

అందుకని అన్నా, మొదటి రోజే చేతికి డేటా ఇవ్వండి. శుభ్రం చేసింది వద్దు. మీ దగ్గర ఎలా ఉందో అలాగే, చెత్తతో సహా. పేర్లు, ఫోన్ నంబర్లు మార్చండి చాలు. ఇంకా, మెంటార్‌గా ఇద్దరి పేర్లు రాయండి. ఒకరు లేకపోతే ఇంకొకరు.

నిజం_మాట | జూన్ 15, రాత్రి 8:05

అందరూ ఎలా రాయాలో చెబుతున్నారు. ఎందుకు ఇస్తున్నారో కూడా అడగాలి కదా. మా చెల్లి బ్యాచ్ దగ్గర "ఇండస్ట్రీ ప్రాజెక్టు" పేరుతో ఒక సంస్థ తలకి ఇంత అని డబ్బు కట్టించుకుని, వెబ్‌సైట్‌లో పేజీలు చేయించుకుని, చివర్లో సర్టిఫికెట్ చేతిలో పెట్టింది. పని వాళ్లది, డబ్బూ వాళ్లదే. కంపెనీ ప్రాజెక్టుని స్పాన్సర్ చెయ్యడం అంటే అర్థం ఇదా?

కొండాపూర్_కోడ్ | జూన్ 15, రాత్రి 8:40

కాదు. పిల్లల దగ్గర రూపాయి తీసుకున్నా అది స్పాన్సర్‌షిప్ కాదు. నేనిచ్చిన పరీక్షకి మీ మాట కూడా కలుపుతాను: "ఈ పనికి ఈ నెలలో జీతమిచ్చి మనిషిని పెట్టుకునేవాణ్నా?" అన్నదానికి అవునని జవాబు వస్తే అది ఉద్యోగం, జీతమిచ్చే చేయించుకోవాలి.

దారి ఖర్చులు, సర్వర్ ఖర్చు కంపెనీ పెట్టుకోవాలి. స్టైపెండ్ ఇస్తే ఇంకా మంచిది. కాని డబ్బు ఇచ్చేశాం కదా అని ఫోన్ ఎత్తకపోతే ఆ డబ్బు ఎందుకూ పనికిరాదు. పిల్లలకి కావాల్సింది పని తెలిసిన మనిషి సమయం.

డల్లాస్_బాబాయ్ | జూన్ 16, ఉదయం 7:15

ఆ సమయం గురించే నేనూ చెబుదామనుకున్నాను. ఇక్కడ అమెరికాలో యూనివర్సిటీలు ఫైనలియర్ బ్యాచ్‌లకి కంపెనీల చేత ప్రాజెక్టులు ఇప్పించడం బాగా అలవాటు. కాలిఫోర్నియాలో హార్వే మడ్ కాలేజీ 1963లోనే క్లినిక్ అని పేరు పెట్టి మొదలుపెట్టింది. హాస్పిటల్లో మెడికో రోగిని చూస్తూ నేర్చుకున్నట్టు ఇంజినీరు నిజమైన సమస్యని చూస్తూ నేర్చుకోవాలని. నలుగురైదుగురు విద్యార్థులు, ఏడాది పొడవునా ఒకే సమస్య, కంపెనీ తరఫున ఒక మనిషి. కాలేజీకి ఫీజు కట్టేది కంపెనీ.

మా కంపెనీ తరఫున ఇక్కడి ఒక యూనివర్సిటీకి నాలుగేళ్లు ఆ మనిషిని నేనే. వారానికి ఒక గంట, గురువారం సాయంత్రం నాలుగింటికి. పెళ్లి రోజున కూడా మానలేదు. ఆ గంటలో నేను చెప్పేదానికన్నా వాళ్లు అడిగేదే ఎక్కువ ఉండాలని నియమం పెట్టుకున్నాను. మధ్యలో ఈమెయిల్ వస్తే రెండు రోజుల్లో జవాబు. "తెలీదు, కనుక్కుని చెబుతా" అన్నదీ జవాబే. మౌనంగా ఉండిపోతే మాత్రం పిల్లలు తమకి తోచింది ఊహించుకుని కట్టుకుంటూ పోతారు. టిక్కీ_లెక్క గారి బాండు సంగతి అలా జరిగిందే.

మీ ఆఫీసులో వారానికి ఆ గంట ఇవ్వగల మనిషి పేరు ముందు రాసుకోండి. పేరు దొరక్కపోతే ప్రాజెక్టు రాయడం ఆపెయ్యండి.

పుస్తకాల_పిచ్చి | జూన్ 16, ఉదయం 10:30

స్మార్ట్ ఇండియా హ్యాకథాన్‌లో మంత్రిత్వ శాఖలు ఇచ్చే ప్రాబ్లం స్టేట్‌మెంట్లలా రాస్తే సరిపోదా? పిల్లలకి అవి అలవాటే.

వైవా_మేడం | జూన్ 16, మధ్యాహ్నం 12:50

2017 నుంచి మా పిల్లలు వెళ్తూనే ఉన్నారమ్మా, టీముకి ఆరుగురు, అందులో కనీసం ఒక ఆడపిల్ల ఉండాలన్న నియమం నాకు చాలా ఇష్టం. కాని ఆ సాఫ్ట్‌వేర్ ఫైనల్ 36 గంటల పోటీ. అంత సేపట్లో ఊహని నిలబెట్టి చూపించాలి, అందుకే సమస్యలు విశాలంగా ఉంటాయి. సెమిస్టర్ పొడవునా చేసేదానికి అంత విశాలం పనికిరాదు. పిల్లలు నెల రోజులు సరిహద్దు వెతుక్కుంటూనే గడుపుతారు. చిన్న సమస్య ఇచ్చి లోతుకి తవ్వనివ్వాలి.

టిక్కీ_లెక్క | జూన్ 17, రాత్రి 10:15

అందరి మాటలూ రెండుసార్లు చదివాను. ఆఫీసులో కూర్చుని పక్కన పెట్టేసిన పనులు పట్టిక వేస్తే మూడు తేలాయి.

మొదటిది: యార్డు రేట్లు చూసి ఎప్పుడు అమ్ముకుంటే లాభమో రైతుకి చెప్పే అంచనా. రెండోది: బస్తా మీద రంగుతో రాసిన లాట్ నంబరుని ఫోటో తీస్తే చదివి ఎక్కించడం. మూడోది: లాట్‌లోంచి కొన్ని టిక్కీలే, అంటే మిర్చి బస్తాలే, బయటికి పోయినప్పుడు మిగిలినవి ఎక్కడున్నాయో లెక్క తప్పడం. మూడోది చూస్తే మరీ చిన్నదిగా ఉంది, ప్రాజెక్టు అంటారో లేదో.

చాంబర్_మూడు | జూన్ 17, రాత్రి 11:40

అన్నా, మూడోది చిన్నది అని ఎవరన్నారు? మా నాన్న ఇరవై రెండేళ్లు కోల్డ్ స్టోరేజీలో గుమాస్తా. మా ఇంట్లో రాత్రిపూట గొడవలన్నీ దాని గురించే.

412 నంబరు లాట్ 60 టిక్కీలు అనుకోండి. బస్తా మీద 412/60 అని రాసి మూడో చాంబర్లో రెండో అంతస్తులో పెడతారు. జూలైలో రైతు వచ్చి ఇరవై కావాలంటాడు. హమాలీలు వెనక ఉన్నవి తియ్యాలంటే ముందు వేరేవాళ్ల లాట్ జరపాలి. జరిపింది మళ్లీ అక్కడే పెట్టరు, ఖాళీ ఎక్కడుంటే అక్కడ పెడతారు. మా నాన్న చీటీ ముక్క మీద పెన్సిల్‌తో రాసుకుని జేబులో వేసుకుంటాడు. పెన్సిలే, ఎందుకంటే ఆ చలికి బాల్‌పెన్ సరిగ్గా పడదంటాడు. సాయంత్రం ఆఫీసు గదిలో రిజిస్టర్‌కి ఎక్కిస్తాడు. ఎక్కించేలోగా చీటీ పోయిందా, రెండు నెలల తర్వాత ఇంకో రైతు వచ్చినప్పుడు అతని నలభై టిక్కీల కోసం చాంబరంతా వెతకాలి. ఒకసారి మూడు గంటలు వెతికారు. రైతు బయట ట్రాక్టర్ పెట్టుకుని నిలబడి ఉన్నాడు, బేరం చేసుకున్న వ్యాపారి ఫోన్ మీద ఫోన్.

ఫోన్‌లో ఎక్కించుకోవచ్చు కదా అంటారు. చాంబర్ గోడలకి సిగ్నల్ రాదు. చలికి వేళ్లు కొంకర్లు పోయి అక్షరాలు కొట్టలేరు. బయటికి రాగానే గుంటూరు ఎండకి ఫోన్ అద్దం మీద నీళ్లు పట్టేసి టచ్ పనిచెయ్యదు. ఆ మూడూ గెలిచేది ఏదైనా చేసిపెడితే మా నాన్న రోజూ దండం పెట్టుకుంటాడు.

కొండాపూర్_కోడ్ | జూన్ 18, ఉదయం 8:20

ఇదే మీ ప్రాజెక్టు. వేరే వెతక్కండి.

అంచనా వద్దు: పిల్లల మోడల్ తప్పు చెప్పి రైతు సరుకు ఆపుకుంటే ఆ నష్టం ఎవరు మోస్తారు? ఫోటో చదవడం పరిశోధనకి బాగుంటుంది గానీ, చివరికి ఎంత శాతం సరిగ్గా చదివితే వాడదగ్గదో మీకే తెలీదు. మూడోదానిలో అన్నీ ఉన్నాయి. సిగ్నల్ లేనప్పుడు ఫోన్‌లోనే దాచి, బయటికొచ్చాక సర్వర్‌కి పంపాలి. ఇద్దరు ఒకే లాట్‌ని విడివిడిగా కదిలిస్తే ఎవరిది నిలబడాలి? ఫైనలియర్ వాళ్లకి అది చక్కటి కఠిన సమస్య. టైపు చెయ్యకుండా ఎక్కించే స్క్రీన్ ఒకరికి, ఫోన్‌లో దాచడం ఒకరికి, సర్వర్‌తో కలపడం ఒకరికి, పాత డేటా సరిచేసి పరీక్షించడం ఒకరికి. మేడం గారు అడిగిన నాలుగు చేతులూ వచ్చేశాయి.

నల్లకోటు | జూన్ 18, మధ్యాహ్నం 2:00

హైకోర్టులో ప్రాక్టీస్. ఎవరూ హక్కుల మాట ఎత్తలేదు కాబట్టి చెబుతున్నాను.

కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రాం సాహిత్య రచన కింద లెక్క. సెక్షన్ 17 చూస్తే రాసినవారే మొదటి హక్కుదారు. ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా రాస్తే యజమానిది అవుతుంది. విద్యార్థి మీ ఉద్యోగి కాదు. అంటే కాగితం లేకపోతే ఆ కోడ్ పిల్లలదే, మీది కాదు. మీకు రాసివ్వాలంటే సెక్షన్ 19 ప్రకారం రాతలో, సంతకంతో ఉండాలి. గడువు రాయకపోతే ఐదేళ్లే చెల్లుతుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. ఈ రెండూ మర్చిపోయిన ఒప్పందాలు నా బల్ల మీదికి చాలా వస్తాయి.

మీకు నా సలహా: ఇది మీ వ్యాపారానికి గుండెకాయ కాదు కాబట్టి కోడ్‌ని ఎవరైనా వాడుకోనిచ్చే ఎంఐటీ లైసెన్స్ కింద పెట్టమనండి. మీరూ వాడుకోవచ్చు, పిల్లలూ ఇంటర్వ్యూలో చూపించుకోవచ్చు. హక్కులు కావాల్సిందే అనుకుంటే మొదటి రోజే చెప్పండి, చివరి వారంలో కాగితం పెట్టి సంతకం అడగకండి. రహస్య ఒప్పందం రాస్తే వైవాలో చూపించడానికీ రికార్డులో రాయడానికీ అడ్డం లేదని అందులోనే రాయండి. రైతుల పేర్లు, ఫోన్లు, ఆధార్, బ్యాంకు వివరాలు పిల్లల ల్యాప్‌టాప్‌ల మీదికి వెళ్లనే కూడదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కింద ఆ బాధ్యత డేటా పెట్టుకున్నవాళ్ల మీదే ఉంటుంది.

డల్లాస్_బాబాయ్ | జూన్ 18, రాత్రి 7:30

ఒక్క సందేహం. సీజన్ మాటేమిటి? నిరుడు మిమ్మల్ని ముంచింది అదే కదా.

చాంబర్_మూడు | జూన్ 18, రాత్రి 8:10

నిజమే. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సరుకు లోపలికి వచ్చే కాలం. అప్పుడు గుమాస్తా పక్కన నిలబడి యాప్ చూడు అంటే తిడతాడు. కొన్ని కొన్ని టిక్కీలు బయటికి పోయేది వానాకాలం నుంచి చలికాలం దాకా. పిల్లలు చూడాల్సింది అప్పుడు.

టిక్కీ_లెక్క | జూన్ 20, రాత్రి 9:30

ఇద్దరూ నా కళ్లు తెరిపించారు. నేను కాలేజీ క్యాలెండర్ పట్టుకుని కూర్చున్నాను. మిర్చికి దాని క్యాలెండర్ దానికుంది.

కాలేజీ వాళ్లతో మాట్లాడాను. నాలుగో ఏడాది మొదటి సెమిస్టర్ 4-1లోనే మొదలుపెట్టడానికి ఒప్పుకున్నారు. నేను రాసింది కింద పెడుతున్నాను. తప్పులుంటే చెప్పండి.

"కోల్డ్ స్టోరేజీలో ఒక లాట్‌లోంచి కొన్ని టిక్కీలే బయటికి పోయినప్పుడు, వాటికోసం పక్క లాట్‌లు జరిగినప్పుడు, ఏది ఎక్కడుందో సాయంత్రం దాకా రిజిస్టర్‌కి ఎక్కదు. చీటీ పోతే అసలే ఎక్కదు. దాంతో రైతు గంటల తరబడి బయట నిలబడతాడు. ఇబ్బంది పడేది: చాంబర్ గుమాస్తా, హమాలీ మేస్త్రి. లోపల సిగ్నల్ లేదు, చలికి టైపు చెయ్యలేరు, బయటికొస్తే అద్దం తడుస్తుంది.

చివరికి కావాల్సింది: గుమాస్తా ఎవరి సాయమూ లేకుండా, చాంబర్‌లోనే నిలబడి, 412లోంచి 20 పోయాయని, 388 నంబరు లాట్ ఇక్కడి నుంచి అక్కడికి జరిగిందని ఎక్కించగలగాలి. సాయంత్రం ఆఫీసు కంప్యూటర్లో అది కనబడాలి. యాపా, ఇంకేదైనానా, మీ ఇష్టం.

ముందు జరగాల్సింది ఎక్కించడం, దాచడం. తర్వాత సర్వర్‌తో కలపడం. సమయం మిగిలితే లాట్ వెతకడం. ఎక్కడ ఆగినా అప్పటిదాకా చేసింది వాడుకునేలా ఉండాలి. అద్దె లెక్కలు, బాండ్లు, రైతు లాగిన్లు ఇందులో లేవు, అడగం.

మొదటి రోజే ఇచ్చేవి: ఒక ఏడాది కదలికల సీఎస్‌వీ ఫైలు (వరుసలు, గడుల పట్టిక), పేర్లు, ఫోన్ నంబర్లు మార్చి, తప్పులు తియ్యకుండా. సత్తెనపల్లి అన్న ఊరి పేరే అందులో నాలుగు రకాల స్పెల్లింగులతో ఉంటుంది. మాటల పట్టిక ఒక పేజీ: టిక్కీ, లాట్, బాండు, చాంబర్. ఒక పాత ఫోన్. ఆగస్టులో రెండు రోజులు గుమాస్తా పక్కన నిలబడటం.

మా మనుషులు: నేను, మా టెస్టింగ్ చూసే అమ్మాయి. ప్రతి బుధవారం సాయంత్రం ఐదింటికి గంట. సంక్రాంతి లోపు చాంబర్‌లో నడవాలి. తర్వాత మూడు నెలలు మేం ఎవరం దొరకం, ఆ కాలం పరీక్షలకీ రికార్డుకీ. కోడ్ ఎంఐటీ లైసెన్స్."

వైవా_మేడం | జూన్ 20, రాత్రి 10:05

"అడగం" అన్న మాట రాశారు చూడండి, దానికి నా నమస్కారం. మధ్యలో మార్చాలనిపిస్తే గైడ్‌తో కూర్చుని, ఒకటి కలిపితే ఒకటి తీసెయ్యాలని కూడా రాయండి. ఆ మూడు నెలలు ఎవరూ దొరకం అన్నది మాత్రం ఒప్పుకోను. పదిహేను రోజులకి ఒకసారి పావుగంట ఫోన్ ఎత్తండి. మొదటి రివ్యూకి కూడా ఒకరు రావాలి.

బ్యాచ్_నాలుగు | జూన్ 20, రాత్రి 11:00

అన్నా, ఒకటి కలపండి. డిసెంబరులో ఒక రోజు, పిల్లలు నోరు విప్పకుండా, వాళ్లు రాసిన రీడ్‌మీ (ఎలా ఎక్కించి నడపాలో చెప్పే కాగితం) మాత్రం చూసి మీ ఆఫీసులో ఎవరైనా దాన్ని మొదటి నుంచి ఎక్కించి నడపాలి. మాది మేం పక్కనుంటేనే నడిచింది. మేం కాలేజీ వదిలిన రోజే ఆగిపోయింది.

టిక్కీ_లెక్క | జూన్ 21, ఉదయం 7:00

మూడూ కలిపాను. పావుగంట నా మాట.

టిక్కీ_లెక్క | జనవరి 11, రాత్రి 9:15

ఆర్నెల్ల తర్వాత వస్తున్నాను. చెప్పకుండా ఉండలేకపోయాను.

పిల్లలు ఆగస్టులో రెండు రోజులు అనుకున్నది నాలుగు రోజులు నిలబడ్డారు. మొదటి రోజే ఒకబ్బాయి చూశాడు: గుమాస్తా నంబర్లు చదువుతూ వెతకడు, లాట్‌ని పెట్టిన చోటుతో గుర్తుపెట్టుకుంటాడు. అందుకని వాళ్లు అక్షరాలే లేని స్క్రీన్ చేశారు. చాంబర్ బొమ్మ, గడులు, గడి మీద బొటనవేలు పెడితే అందులో ఉన్న లాట్‌లు పెద్ద అంకెల్లో వస్తాయి. తడి అద్దానికి మందు దొరకలేదు. అసలు బయటికొచ్చి ముట్టుకోవాల్సిన అవసరమే లేకుండా చేశారు, సిగ్నల్ తగలగానే దానంతటదే పంపుకుంటుంది. లాట్ వెతకడం దాకా రాలేదు. నవంబరంతా ప్లేస్‌మెంట్లు తినేశాయి.

రీడ్‌మీ పరీక్ష డిసెంబరులో పెట్టాం. మా అకౌంట్స్ ఆయన కూర్చున్నారు. మొదటిసారి మూడో మెట్టు దగ్గర ఆగిపోయింది, పిల్లలు నోరు నొక్కుకుని చూశారు. వారం తర్వాత రెండోసారి నలభై నిమిషాల్లో నడిచింది.

నాదీ ఒక తప్పు ఉంది. అక్టోబరులో "అద్దె కూడా చూపిస్తే బాగుంటుందేమో" అని నోరు జారాను. ఒకమ్మాయి నేను రాసిన కాగితం తీసి "అడగం" అన్న లైను చూపించింది. ఆపేశాను.

చాంబర్_మూడు తమ్ముడూ, ఇప్పుడు నాలుగు వారాలుగా ఒక కోల్డ్ స్టోరేజీలో వాడుతున్నారు. చీటీలు ఇంకా రాస్తున్నారు, రెండూ కలిపి సాయంత్రం సరిచూస్తున్నారు. నిన్న గుమాస్తా నాకు కాకుండా నేరుగా ఆ పిల్లలకే ఫోన్ చేశాడట. పొరపాటున వేరే గడి నొక్కితే వెనక్కి తీసుకునే బొత్తం బొటనవేలికి అందట్లేదు, కిందికి దింపమని.

చాంబర్_మూడు | జనవరి 11, రాత్రి 9:50

అన్నా, నాన్నకి చదివి వినిపించాను. వాళ్ల స్టోరేజీలో కూడా పెడతారా అని అడుగుతున్నాడు. సీజన్ అయ్యాకే లెండి.